భద్రమైన అభ్యంగనం: పిల్లలూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందినవారి నుదుటి మీద పీఠాధిపతులు, అంటే బిషప్ గారు, తైలం పూసి పవిత్రాత్మ వరాన్ని ఇచ్చే కతోలిక సంస్కారమే భద్రమైన అభ్యంగనం; ఇంగ్లీషులో కన్ఫర్మేషన్ అంటారు. కడపలో సత్యోపదేశం, అంటే కతోలిక విశ్వాస పాఠాలు, చెప్పే నాకు ఏటా పదో తరగతి పరీక్షలు ముగిసిన వారం నుంచే దీని మీద ప్రశ్నలు మొదలవుతాయి. ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల మీద తల్లులు ఆపి అడుగుతారు, క్లాసు వదిలాక పిల్లలు వెనకే వచ్చి అడుగుతారు, రాత్రిపూట కువైట్ నుంచి ఫోన్ చేసి అడిగేవారూ ఉన్నారు. ఒకరికి చెప్పిన జవాబు పక్కింటికి చేరేలోపే మారిపోతోందన్న బెంగతో వీటన్నిటినీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి కావలసిన ప్రశ్న వారు చదువుకుంటే చాలు.

## పేరు ఇవ్వడానికి ముందు

పసిబిడ్డగా ఉన్నప్పుడే జ్ఞానస్నానం అయిపోయింది కదా, మళ్లీ ఈ అభ్యంగనం ఎందుకు?

జ్ఞానస్నానంలో ఏదో లోటు మిగిలిందని దీన్ని ఇవ్వరు. అక్కడ దేవుని బిడ్డగా పుట్టినవారికి పవిత్రాత్మ వరాన్ని నిండుగా ఇచ్చి, మాటలోనూ నడవడిలోనూ క్రీస్తుకు సాక్షులుగా నిలబడే బలాన్ని ఈ దివ్యసంస్కారం ఇస్తుంది. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, దివ్యసత్ప్రసాదం (పూజలో తీసుకునే కమ్యూనియన్), ఈ మూడూ కలిసి మనిషిని క్రైస్తవ జీవితంలోకి పూర్తిగా ప్రవేశపెడతాయని శ్రీసభ, అంటే కతోలిక సంఘం, బోధిస్తుంది.

దీనికి మూలం అపొస్తలుల కార్యాల్లోనే ఉంది. సమారియా ప్రజలు అప్పటికే జ్ఞానస్నానం పొందారు. అయినా పేతురు, యోహాను యెరూషలేము నుంచి వెళ్లి, వారి మీద చేతులుంచి ప్రార్థించిన తరువాతే వారు పవిత్రాత్మను పొందారని ఎనిమిదో అధ్యాయం చెబుతుంది. పౌలు ఎఫెసులో చేసింది కూడా ఇదే. పిల్లవాడు దేవునికి మాట ఇచ్చే రోజు ఇది అని చాలామంది అనుకుంటారు. మాట ఇవ్వడం ఉంది, నిజమే; కానీ అంతకన్నా ముందు దేవుడు ఆ బిడ్డకు వరం ఇచ్చే రోజు ఇది. తయారీ అంతా ఈ ఒక్క విషయం మీద నిలబడాలని నా నమ్మకం.

ఏ వయసులో ఇప్పించాలి? మా అన్న పిల్లలకు బెంగళూరులో ఇంకా చిన్నప్పుడే ఇచ్చారు.

శ్రీసభ చట్టం ప్రకారం మంచిచెడ్డలు తెలిసే వయసు, అంటే సుమారు ఏడేళ్లు వస్తే అర్హత వచ్చినట్టే. అయితే ఒక దేశపు పీఠాధిపతుల సమాఖ్య వేరే వయసును నిర్ణయించే వీలు కూడా అదే చట్టంలో ఉంది. అందువల్ల ఊరికీ ఊరికీ తేడా కనిపిస్తుంది. మా దగ్గర సాధారణంగా తొమ్మిది, పది తరగతుల పిల్లలను కూర్చోబెడతాం. దేహం వయసు ఆత్మకు అడ్డు కాదని పునీత తోమా అక్వినాసు 13వ శతాబ్దంలోనే రాశారు. చిన్న వయసులో పొందినవారిది తక్కువా కాదు, పెద్దయ్యాక పొందినవారిది ఆలస్యమూ కాదు.

మా బంధువులు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా అనే ప్రొటెస్టంట్ సంఘం) వాళ్లు. వాళ్ల పిల్లలు కన్ఫర్మేషన్ తర్వాతే ప్రభువు బల్లలో, అంటే కమ్యూనియన్‌లో, పాలుపొందుతారు. మన పిల్లలు ముందే సత్ప్రసాదం ఎలా తీసుకుంటున్నారు?

మన జిల్లాల్లో ఒకే ఇంట్లో రెండు సంఘాలవారు ఉండటం మామూలే కాబట్టి ఈ ప్రశ్న ప్రతి ఏడూ వస్తుంది. నిజానికి జ్ఞానస్నానం, అభ్యంగనం, ఆ తరువాత సత్ప్రసాదం అన్నదే పాత వరుస. 1910లో పదవ భక్తినాథ పోపుగారు, అంటే పునీత పదవ పయస్ గారు, ఏడేళ్ల పిల్లలకు కూడా సత్ప్రసాదం ఇవ్వాలని ఆదేశించారు. యేసు ప్రభువును పసివాళ్లకు దూరంగా ఉంచకూడదన్నది ఆయన తపన. దానితో చాలాచోట్ల సత్ప్రసాదం ముందుకు వచ్చి, అభ్యంగనం తరువాతికి జరిగింది. సి.ఎస్.ఐ. సంఘానికి వారి క్రమం వారికి ఉంది. మన దగ్గర అభ్యంగనం సత్ప్రసాదానికి అనుమతి పత్రం కాదు, తనంతట తానే ఒక దివ్యసంస్కారం. పిల్లలకు ఈ తేడా చెప్పేటప్పుడు మేనత్త సంఘాన్ని చిన్నబుచ్చే మాట ఒక్కటి కూడా రాకూడదు.

మా అబ్బాయికి వాళ్ల నాన్న తరఫు సి.ఎస్.ఐ. గుడిలో బాప్తిస్మం అయింది. ఇప్పుడు మళ్లీ జ్ఞానస్నానం ఇస్తారా?

ఇవ్వరు. నీటితో, పిత పుత్ర పవిత్రాత్మల నామమున ఇచ్చిన జ్ఞానస్నానాన్ని శ్రీసభ అంగీకరిస్తుంది, దాన్ని రెండోసారి ఇవ్వడం తప్పు. అటువంటివారిని విశ్వాస ప్రకటన ద్వారా కతోలిక శ్రీసభలో చేర్చుకుంటారు. ఆ చేర్చుకునే గురువుకే, అంటే ఫాదర్ గారికే, అభ్యంగనం ఇచ్చే అధికారం కూడా ఉంటుంది. బాప్తిస్మ పత్రం తీసుకుని తరగతులు మొదలుకాక ముందే ఫాదర్ గారిని కలవండి. అందరితో పాటు వరుసలో నిలబెడదాం లే అని చివరి వారం దాకా ఊరుకోవద్దు.

ఏయే కాగితాలు కావాలి? బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉంది, ఇబ్బంది అవుతుందా?

ముఖ్యంగా కావలసింది జ్ఞానస్నాన పత్రం. ఎప్పుడో ఇచ్చిన పాత కాగితం కాకుండా, జ్ఞానస్నానం జరిగిన విచారణ (పారిష్) నుంచి కొత్తగా రాయించి తెచ్చుకోవడం మంచిది, ఎందుకంటే ఆ తరువాత జరిగిన సంస్కారాలు కూడా ఆ రిజిస్టరులోనే ఒక పక్కన రాసి ఉంటాయి. కుటుంబం గుత్తి నుంచో ఆదోని నుంచో కడపకు వచ్చి ఉంటే ఆ విచారణకు మనిషిని పంపడానికి రెండు వారాలు వ్యవధి పెట్టుకోండి. అనంతపురం ప్రాంతమంతా 1967లో ఏర్పడిన కర్నూలు మేత్రాసనం (ఒక బిషప్ గారి పరిధిలోని ప్రాంతం, డయోసిస్) కిందికి వస్తుంది. కడప మేత్రాసనం 1976లో నెల్లూరు నుంచి విడివడింది. పెద్దవాళ్ల పాత వివరాలు వెతికేవారికి ఈ సంగతి పనికొస్తుంది.

పేర్ల విషయానికి వస్తే, ఆధార్ కార్డులో రమేశ్ అనీ జ్ఞానస్నాన రిజిస్టరులో పేతురు అనీ ఉన్న పిల్లలు మా దగ్గర ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. దానికి సిగ్గుపడాల్సిందీ దాచాల్సిందీ లేదు. గుడి రిజిస్టరులో ఉన్న పేరుతోనే అభ్యంగనం నమోదవుతుంది. పిలిచే పేరు, ఇంటి పేరు కూడా పక్కన రాయించుకుంటే రేపు పెళ్లి సమయంలో వెతుకులాట తప్పుతుంది.

మేము కేరళ నుంచి ఉద్యోగం మీద వచ్చాం. మా పాప కూడా వీళ్లతో పాటు తీసుకోవచ్చా?

ముందు పాప జ్ఞానస్నాన పత్రం జాగ్రత్తగా చదవండి. కేరళలోని సీరో-మలబారు వంటి తూర్పు కతోలిక సంఘాల సంప్రదాయంలో పసిబిడ్డకు జ్ఞానస్నానంతో పాటే తైలాభ్యంగనం కూడా ఇచ్చేస్తారు. అలా పొందినవారికి రెండోసారి ఇవ్వకూడదు.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. ఒక ఏడాది అటువంటి కుటుంబపు అమ్మాయి మూడు నెలలు తరగతులకు శ్రద్ధగా వచ్చింది. నేను పత్రం పై వరుసలు చదివి జాబితాలో పేరు రాసుకున్నానే గానీ కింది వరుస చూడలేదు. అభ్యంగనానికి ముందు రోజు సాయంత్రం రిజిస్టరు రాస్తున్న సిస్టర్ గారు ఆ గీత మీద వేలు పెట్టి చూపించారు. ఆ అమ్మాయికి కొత్త బట్టలు కుట్టించారు, బంధువులు రైలెక్కారు. తప్పు నాదే. మరునాడు ఆమె చేత మొదటి పఠనం చదివించాం, చక్కగా చదివింది. కానీ తల్లి ముఖం చూసి మాట్లాడటానికి నాకు చాలా రోజులు పట్టింది. అప్పటి నుంచి పత్రాలు తీసుకునే రోజే కింది వరుస దాకా ఇద్దరం చదువుతున్నాం.

మా పాప ఇంటర్ హాస్టల్లో ఉంటుంది, ఆదివారాలు పంపరు. ఏం చేయాలి?

పదో తరగతి పరీక్షలకూ ఇంటర్ తరగతులకూ మధ్య దొరికే వేసవి సెలవులే ఇందుకు సరైన కాలం. మే నెల ఎండకు భయపడి మేము ఉదయం ఆరున్నరకే మొదలుపెట్టి తొమ్మిదికల్లా పిల్లలను ఇళ్లకు పంపేస్తాం. ఆ సెలవులు దాటిపోతే ఇంటర్ రెండేళ్లూ ఆగి, ఆ తరువాత తీసుకున్నా తప్పులేదు. హాస్టల్ నుంచి ఒక్క రోజు సెలవు మీద వచ్చి అభ్యంగనం తీసుకుని వెళ్లడానికి మాత్రం నేను ఒప్పుకోను.

## తరగతులు జరుగుతున్నప్పుడు

క్లాసుల్లో ఏం నేర్పిస్తారు? అన్నీ కంఠస్థం చేయాలా? పరీక్షలో తప్పితే ఇవ్వరా?

విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు, ఏడు దివ్యసంస్కారాలు, జపమాల రహస్యాలు, పవిత్రాత్మ ఏడు వరాలు, పూజలో ఏ భాగానికి ఏ అర్థమో, ఇవి వస్తాయి. కంఠస్థం అవసరమే. అర్థం ఇవాళ తెలియకపోయినా నోటికి వచ్చిన ప్రార్థన కష్టకాలంలో తనంతట తానే పైకి వస్తుంది. ఆసుపత్రి మంచం మీద ఉన్న ముసలివాళ్ల దగ్గర కూర్చున్నవారికి ఈ సంగతి తెలుసు. అయితే అక్కడితో ఆగిపోతే అది తయారీ కాదు. పూర్తిగా అప్పజెప్పిన పిల్లవాడు ఆదివారం పూజకు రాకపోతే ఆ అప్పజెప్పడం దేనికి?

మేము పెట్టే పరీక్ష ఎక్కడ మళ్లీ చెప్పాలో తెలుసుకోవడానికే. చట్టం అడిగేది మూడు విషయాలు: తగిన బోధన పొంది ఉండాలి, మనసు సిద్ధంగా ఉండాలి, జ్ఞానస్నాన వాగ్దానాలను తెలిసి నూతనపరచుకోగలగాలి. మార్కులను బట్టి ఎవరినీ ఆపము.

పవిత్రాత్మ ఏడు వరాలు అప్పజెప్పగలడు గానీ అర్థం అడిగితే చెప్పలేడు. ఇంట్లో ఎలా చెప్పాలి?

జ్ఞానం, వివేకం, సదుపదేశం, దృఢత్వం, తెలివి, భక్తి, దైవభీతి. పుస్తకాన్ని బట్టి ఒకటి రెండు మాటలు మారవచ్చు. యెషయా ప్రవక్త పదకొండో అధ్యాయంలో రానున్న రక్షకుని మీద నిలిచే ఆత్మ గురించి చెప్పిన మాటల నుంచి ఇవి వచ్చాయి. హెబ్రీ మూలంలో ఆరే కనిపిస్తాయి. గ్రీకు, లతీను అనువాదాల్లో భక్తి కూడా చేరి ఏడయ్యాయి. చురుకైన పిల్లలు బైబిలు తెరిచి లెక్కపెట్టి ఈ ప్రశ్న అడుగుతారు, అందుకే చెబుతున్నాను.

అర్థం చెప్పడానికి నిర్వచనాలు వద్దు, వాళ్ల రోజునే తీసుకోండి. హాస్టల్ మెస్‌లో వంద మంది చూస్తుండగా కంచం ముందు సిలువ గుర్తు వేసుకోవడానికి చెయ్యి పైకి లేవదు చూడండి, అక్కడ కావలసింది దృఢత్వం. తరగతి వాట్సాప్ గ్రూపులో ఒక అమ్మాయి ఫొటో మీద పాడు మాటలు పెడుతుంటే, నవ్వే బొమ్మ పెట్టాలా, తీసేయండ్రా అనాలా, ఊరుకుని బయటికి వచ్చేయాలా అని తేల్చుకోవడానికి కావలసింది సదుపదేశం. దైవభీతి దగ్గర పిల్లలు ఎక్కువగా తడబడతారు, ఎందుకంటే భయమంటే వాళ్లకు తెలిసింది బెత్తం భయమే. ఒకసారి ఒక పిల్లవాడు తనంతట తానే ఇలా అన్నాడు: “మా అవ్వ నన్ను ఎప్పుడూ కొట్టలేదు సార్, కానీ ఆమెకు నా అబద్ధం తెలిస్తే బాధపడుతుందని నాకు భయం.” అంతకన్నా బాగా నేను ఎప్పుడూ చెప్పలేకపోయాను.

అభిషేకం వస్తే భాషలతో మాట్లాడాలంటారు. మా బిడ్డ మాట్లాడకపోతే పవిత్రాత్మ రానట్టేనా?

కాదు. పెంతెకోస్తు సంఘాల కూటాలకు వెళ్లే స్నేహితుల నుంచి పిల్లలు ఈ మాట విని వస్తారు, కొందరు లోలోపల కుంగిపోతారు కూడా. భాషల వరం ఒకటుందని పౌలు రాశాడు. అది అందరికీ రాదని కూడా కొరింతీయులకు రాసిన మొదటి లేఖలో ఆయనే చెప్పాడు. అభ్యంగనంలో పవిత్రాత్మ రావడం మన ఒంట్లో కలిగే కదలిక మీద ఆధారపడదు. క్రీస్తు తన శ్రీసభకు ఇచ్చిన మాట మీద ఆధారపడుతుంది. ఆ రోజు కన్నీళ్లు వచ్చినవారికీ ఏమీ అనిపించనివారికీ ఒకే వరం దక్కుతుంది. గుర్తు కావాలంటే గలతీయులకు రాసిన లేఖ ఐదో అధ్యాయం చూడండి: ప్రేమ, ఆనందం, శాంతి, సహనం, దయ, మంచితనం వంటివి ఆత్మ ఫలాలు. ఫలం కాయడానికి కాలం పడుతుంది.

మావాడు నాకు ఇవన్నీ నమ్మకం లేదు అంటున్నాడు. బలవంతంగా అయినా కూర్చోబెట్టాలా?

తరగతికి పంపండి, అభ్యంగనానికి బలవంతం చేయకండి. ఈ రెండూ వేరు.

పదిహేనేళ్ల పిల్లవాడు నమ్మకం లేదు అన్నప్పుడు ఆ మాట వెనక ఏముందో తెలుసుకోవాలి. కొందరికి సైన్సు పాఠం చదివాక ఆదికాండం మీద నిజమైన సందేహం పుడుతుంది. కొందరికి ఇంట్లో తాగి వచ్చే తండ్రి ఆదివారం ముందు వరుసలో నిలబడటం చూసి కోపం. తమ్ముడు జబ్బు చేసి పోయినప్పుడు చేసిన ప్రార్థన ఏమైందని ఒక అమ్మాయి నన్ను నేరుగా అడిగింది. వాళ్లకు పుస్తకంలో జవాబు చదివి వినిపిస్తే తలుపు మూసుకుంటారు. సందేహం విశ్వాసానికి శత్రువు కాదు. తోమాకు సందేహం కలిగినప్పుడు ప్రభువు అతడిని గదిలోంచి వెళ్లగొట్టలేదు, తన గాయాలను తాకి చూడమన్నాడు. కాబట్టి అడగనివ్వండి, మీకు తెలియనిది తెలియదని చెప్పండి, ఫాదర్ గారితో ఒంటరిగా మాట్లాడే అవకాశం ఇవ్వండి.

అంతా విన్న తరువాత కూడా నాకు ఇష్టం లేదు అంటే, ఈ ఏడాదికి ఆపండి. ఇష్టం లేని నోటితో “విశ్వసించుచున్నాను” అనిపించడం ఆ బిడ్డకూ మంచిది కాదు, ఆ సంస్కారానికీ గౌరవం కాదు. బంధువుల్లో తలవంపులవుతుందని తండ్రులు నా మీద కోప్పడ్డారు. అలా ఆగిన ఒక పిల్లవాడు నాలుగేళ్ల తరువాత, డిగ్రీ చదువుతూ, తనంతట తానే వచ్చి పేరు ఇచ్చాడు.

మా బాబుకు మాటలు సరిగా రావు, పాఠాలు నేర్చుకోలేడు. వాడికి ఇస్తారా?

తప్పకుండా ఇస్తారు. తగిన బోధన పొందాలన్న నియమం ఆలోచనాశక్తి ఉన్నవారికే. లేనివారికి ఆ నియమం అడ్డం రాదు. గుడి వాతావరణం, పీఠాధిపతుల రూపం, నుదుటి మీద తడి తగలడం ముందే అలవాటైతే ఆ రోజు బాబు బెదిరిపోడు. కాబట్టి రెండు మూడు సార్లు ఖాళీ గుడికి తీసుకొచ్చి నడిపించండి. వరుసలో మొదటే నిలబెట్టమని మేము కోరతాం.

నేను కువైట్‌లో ఉన్నాను. పాప వాళ్ల అవ్వ దగ్గర ఉంది. ఇక్కడి నుంచి నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

ఉంది. వారంలో ఒక రోజు ఫోనులో, తిన్నావా, చదివావా అన్న ప్రశ్నలు అయ్యాక, ఆ వారం క్లాసులో చెప్పింది ఏమిటని అడగండి. పాప చెబుతుంటే వినండి, సరిదిద్దకండి. ఫోను పెట్టేసే ముందు ఇద్దరూ కలిసి పరలోక జపం ఒకసారి చెప్పండి. అవ్వకు చదువు రాకపోయినా జపమాల వచ్చు, పాత పాటలు వచ్చు, దివ్యసంస్కారాలను దేవద్రవ్యానుమానాలు అనే పాత మాట వచ్చు. పాపను ఆమె పక్కన కూర్చోమనండి. ఆదివారం పూజకు పాప వెళుతున్నదీ లేనిదీ అడిగి కనుక్కోండి, ఎందుకంటే తరగతి కన్నా అదే ముఖ్యం.

అభ్యంగనానికి ముందు పాపసంకీర్తనం (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడం) తప్పనిసరా?

వరప్రసాద స్థితిలో ఉండి ఈ సంస్కారాన్ని పొందాలి కాబట్టి ముందుగా పాపసంకీర్తనం చేయాలి. మేము చివరి శనివారం మధ్యాహ్నం పెట్టిస్తాం. మొదటి సత్ప్రసాదం తరువాత మళ్లీ ఎప్పుడూ చేయని పిల్లలు ఎలా మొదలుపెట్టాలో తెలియక వెనక్కి తగ్గుతారు. “ఫాదర్, నాకు పద్ధతి మరిచిపోయింది” అని చెబితే చాలు, మిగతాది ఆయనే నడిపిస్తారు. బిడ్డ ఏం చెప్పాడని తల్లిదండ్రులు అడగకూడదు.

## జ్ఞానతండ్రి, జ్ఞానతల్లి, కొత్త పేరు

జ్ఞానతండ్రిగా ఎవరుండాలి? వాళ్ల నాన్నే ఉంటే సరిపోదా?

అభ్యంగనంలో బిడ్డ వెనక నిలబడి, ఆ తరువాత విశ్వాసంలో తోడుండేవారే జ్ఞానతండ్రి లేదా జ్ఞానతల్లి. సొంత తల్లీ తండ్రీ ఆ స్థానంలో ఉండకూడదు. ఉండేవారికి పదహారేళ్లు నిండి ఉండాలి. కతోలికులై, సత్ప్రసాదమూ భద్రమైన అభ్యంగనమూ పొంది, విశ్వాసానికి తగ్గట్టు బతుకుతున్నవారై ఉండాలి. జ్ఞానస్నానం నాటి జ్ఞానతండ్రో జ్ఞానతల్లో ఉంటే అందరికన్నా మంచిదని శ్రీసభ కోరుతుంది, ఎందుకంటే ఆ రోజు ఎత్తుకున్న చేతులే ఈ రోజు భుజం మీద ఉంటాయి. ఒక్కరు చాలు. అబ్బాయికి మగవారు, అమ్మాయికి ఆడవారు అన్నది మన అలవాటే గానీ చట్టం కాదు.

డబ్బున్నవారిని, పేరున్నవారిని వెతకడం మాత్రం నాకు నచ్చదు. బంగారు ఉంగరం పెట్టి వెళ్లిపోయి మళ్లీ కనిపించని జ్ఞానతండ్రి కన్నా, నెలకోసారి “ఏరా, గుడికి వచ్చావా?” అని అడిగే పక్క వీధి పెదనాన్న నయం.

మేనమామ కువైట్‌లో ఉన్నాడు, వీడియో కాల్‌లో ఉండొచ్చా? ఇంకో మామ సి.ఎస్.ఐ. ఆయన, ఆయన నిలబడొచ్చా?

వీడియో కాల్ సరిపోదు; బిడ్డ వెనక మనిషి నిలబడి భుజం మీద చెయ్యి ఉంచాలి. ఆయన తరఫున ఒకరిని నిలబెట్టడం కుదురుతుందేమో ముందుగా ఫాదర్ గారిని అడగండి. సి.ఎస్.ఐ. మామగారు జ్ఞానతండ్రిగా ఉండలేరు, కానీ ముందు వరుసలో కూర్చుని మేనల్లుడి కోసం ప్రార్థించడానికి ఏ అడ్డూ లేదు. పిలిచేటప్పుడే ఈ మాట మర్యాదగా చెప్పేస్తే ఆయన నొచ్చుకోరు.

కొత్త పేరు పెట్టుకోవాలా?

తప్పనిసరి కాదు, మంచి ఆచారం. జ్ఞానస్నానపు పేరునే ఉంచుకోవచ్చు. కొత్త పునీతుని పేరు కావాలంటే, పేరు వినసొంపుగా ఉందని కాకుండా జీవితం చదివి ఎంచుకోమంటాను. ఈ మధ్య పిల్లలు ఎక్కువగా కార్లో అకుతిస్ పేరు అడుగుతున్నారు: 2006లో పదిహేనేళ్లకే చనిపోయిన, కంప్యూటరు మీద ఇష్టమున్న ఆ ఇటలీ అబ్బాయిని 2025 సెప్టెంబరులో పునీతుడిగా ప్రకటించారు. మన దక్షిణాదివాడే అయిన దేవసహాయం పిళ్లై గురించి కూడా చెప్పండి. ఆయన గురువూ కాదు, మఠవాసీ కాదు, పెళ్లైన గృహస్థు. విశ్వాసం కోసం 1752లో ప్రాణమిచ్చారు, 2022లో పునీతుడయ్యారు.

## అభ్యంగనం రోజు

ఆ రోజు ఏం జరుగుతుంది? మావాడు ఎక్కడ ఏం చెప్పాలో అని బెదిరిపోతున్నాడు.

సువిశేష పఠనం తరువాత విచారణ గురువులు పిల్లలను పీఠాధిపతులకు పరిచయం చేస్తారు. ప్రసంగం ముగిశాక అందరూ నిలబడి జ్ఞానస్నాన వాగ్దానాలను నూతనపరుస్తారు. అప్పుడు పీఠాధిపతులు పిల్లలందరి మీదికి చేతులు చాచి ఏడు వరాల కోసం ప్రార్థిస్తారు. ఆ సమయంలో గుడి అంతా నిశ్శబ్దంగా ఉండాలి. తరువాత ఒక్కొక్కరే వెళతారు. జ్ఞానతండ్రి కుడి చెయ్యి భుజం మీద ఉంచుతారు, పేరు చెబుతారు. పీఠాధిపతులు బొటనవేలిని తైలంలో ముంచి నుదుటి మీద సిలువ గుర్తు వేస్తూ, పవిత్రాత్మ వరమనే ముద్రను పొందమని అర్థం వచ్చే మాటలు పలుకుతారు. బిడ్డ “ఆమెన్” అనాలి. ఆయన శాంతి పలికినప్పుడు దానికి జవాబు చెప్పాలి. బిడ్డ ఒంటరిగా పలకాల్సింది ఇంతే. గట్టిగా, తల ఎత్తి పలకమనండి.

ఆ తైలం ఏమిటి? నుదుటి మీద నుంచి తుడవొచ్చా?

అది ఒలీవ నూనెలో సుగంధ ద్రవ్యం కలిపి, పవిత్ర వారంలో జరిగే తైలాల పూజలో పీఠాధిపతులు ప్రతిష్ఠించిన పరిమళ తైలం. జ్ఞానస్నానంలోనూ, ఫాదర్లుగా అభిషేకించే గురుపట్టంలోనూ వాడేది కూడా ఇదే.

దీని అర్థం చెప్పడానికి నేను ప్రతి ఏడూ ఒక పని చేస్తాను. మందుల షాపులో దొరికే చిన్న ఒలీవ నూనె డబ్బా కొని, స్టీలు గిన్నెలో కొంచెం పోసి, అత్తరు నాలుగు చుక్కలు కలుపుతాను. ఇది ప్రతిష్ఠించిన తైలం కాదని ముందే చెబుతాను. పిల్లలు మణికట్టు మీద రాసుకుంటారు, జిడ్డు అని వెంటనే రుమాలుతో తుడుచుకుంటారు. మరునాడు ఉదయం వచ్చి, “సార్, తుడిచినా రాత్రి దాకా వాసన పోలేదు” అంటారు. ఆ మాట వాళ్ల నోటి నుంచి వచ్చాకే, నుదుటి తైలం ఆరిపోయినా ఆత్మ మీద పడిన ముద్ర చెరగదన్న పాఠం మొదలుపెడతాను. తుడవడం తప్పు కాదు. కావాలని కడుక్కోవడం ఎందుకు, కొంతసేపు ఉండనివ్వండి.

బిషప్ గారు రాకపోతే ఫాదర్ గారు ఇవ్వొచ్చా? అది చెల్లుతుందా?

అపొస్తలుల వారసులు కాబట్టి సాధారణంగా పీఠాధిపతులే ఇస్తారు. వారి నుంచి అధికారం పొందిన గురువు ఇచ్చినా అది పూర్తిగా చెల్లుతుంది. చావు బతుకుల్లో ఉన్నవారికి ఏ గురువైనా ఇవ్వవచ్చు. ఇచ్చేవారి హోదాను బట్టి వరం పెరగదు, తరగదు. కర్నూలు జిల్లా బిడ్డ అయిన పూల ఆంథోని గారు 2008 నుంచి 2020 దాకా కర్నూలు పీఠాధిపతిగా ఉండి, 2022లో కార్డినల్ అయ్యారు. మాకు కార్డినల్ గారి చేతి అభ్యంగనం అని ఆనందంగా చెప్పుకునేవారు మన మధ్య ఉన్నారు. ఆ ఆనందం మంచిదే. పల్లె గుడిలో మామూలు గురువు చేతి మీదుగా పొందినవారికీ అదే పవిత్రాత్మ.

మా అవ్వ కాలంలో బిషప్ గారు చెంప మీద కొట్టేవారట, నిజమా?

నిజమే, మెల్లగా తట్టేవారు. క్రీస్తు కోసం కష్టాన్ని ఓర్చుకోవాలన్న గుర్తు అది. ఆరవ పౌలు పోపుగారు 1971లో సవరించిన క్రమంలో దాన్ని తీసివేశారు.

ఎంత ఖర్చవుతుంది? బట్టలు, విందు ఎలా చేయాలి?

దివ్యసంస్కారానికి వెల లేదు. డబ్బు లేదని ఎవరినీ దూరం చేయకూడదని చట్టమే చెబుతుంది. శుభ్రమైన, ఒంటిని నిండుగా కప్పే బట్టలు చాలు. అప్పు చేసి ఫ్లెక్సీ కట్టించడం, ఫంక్షన్ హాలు మాట్లాడటం ఏటా పెరుగుతోంది, అది చూస్తే నాకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే పక్కింటి పేద బిడ్డ ఆ ఫ్లెక్సీ చూసి ఈ ఏడాది వద్దులే అంటుంది. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి నీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోకూడదని బంధువులకు కూడా చెప్పండి. ఫొటోలకు ఒక్కరినే నియమించుకుంటే మిగతావారు ప్రార్థించుకోవచ్చు.

## ఆ తరువాత

అభ్యంగనం అయిపోయింది కదా, ఇంక క్లాసులకు ఎందుకు రావాలి?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా తప్పు మాదేనేమో అనిపిస్తుంది. పుస్తకం, పరీక్ష, చివర ఒక వేడుక పెట్టి, దీన్ని పదో తరగతిలా చూపించింది మేమే. పొందిన వరం పనిలో పెట్టడానికే ఇచ్చారు. అందుకే మేము ఇప్పుడు అభ్యంగనం ముందే ప్రతి బిడ్డకూ ఒక పని అప్పగిస్తున్నాం: పఠనం చదవడం, గానబృందం, చిన్నపిల్లల తరగతిలో సాయం, నెలకోసారి నడవలేని ముసలివారి ఇంటికి సత్ప్రసాదం తీసుకెళ్లే ఫాదర్ గారి వెంట వెళ్లడం. ముసలివారి ఇళ్లకు వెళ్లినవారే ఎక్కువగా నిలబడ్డారు. ఇంటర్‌కు విజయవాడకో హైదరాబాదుకో వెళ్లే పిల్లలకు అక్కడ దగ్గరలో ఉన్న కతోలిక దేవాలయం ఏదో, ఆదివారం పూజ ఎన్ని గంటలకో చీటీ మీద రాసిస్తున్నాం.

ఆ రోజు జ్వరం వచ్చి రాలేకపోయాడు. ఇంకో ఏడాది ఆగాలా?

అక్కర్లేదు. ఇంకో విచారణలో పీఠాధిపతులు ఇచ్చే రోజున పంపించవచ్చు. ఫాదర్ గారి ఉత్తరం తీసుకెళితే చాలు. తరగతులు మళ్లీ మొదటి నుంచి వినాల్సిన పని లేదు.

పెళ్లికి ఇది తప్పనిసరా? మాది ఎప్పుడో అయింది, పత్రం పోయింది.

పెద్ద ఇబ్బంది లేకుండా వీలైతే పెళ్లికి ముందే పొందాలని చట్టం చెబుతుంది. అది లేదన్న కారణంతో పెళ్లి చెల్లకుండా పోదు. గురుపట్టం పొందేవారికి మాత్రం తప్పక ఉండాలి. పత్రం పోయిందని రెండోసారి తీసుకోవడం కుదరదు. అభ్యంగనం ఎక్కడ జరిగినా, జ్ఞానస్నానం జరిగిన విచారణకు తెలియజేసి అక్కడి రిజిస్టరులో రాయించడం నియమం. కాబట్టి ముందు ఆ విచారణ కార్యాలయంలో అడగండి. వెళ్లేటప్పుడు తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతండ్రి పేరు, సుమారుగా ఏ సంవత్సరమో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాత రిజిస్టర్లు సంవత్సరాల వారీగా ఉంటాయి, పేరు ఒక్కటే చెబితే వెతకడం కష్టం. అక్కడ లేకపోతే అభ్యంగనం జరిగిన విచారణలో, ఆ తరువాత మేత్రాసన కార్యాలయంలో వెతికిస్తారు.